చదవకుండా ఎత్తిన చెయ్యి

నేను చేసిన బుద్ధితక్కువ పని అర్థం కావాలంటే, ముందు మున్సిపల్ కౌన్సిల్ సమావేశం ఎలా నడుస్తుందో చెప్పాలి.

కౌన్సిల్ నెలకోసారైనా కూర్చోవాలన్నది నియమం. తేదీకి మూడు రోజుల ముందు ఆఫీసు అటెండరు ఇంటికి వచ్చి అజెండా కాపీ చేతిలో పెడతాడు. అందినట్టు పుస్తకంలో సంతకం తీసుకుని వెళ్తాడు. పదిహేను ఇరవై కాగితాలుంటాయి, బడ్జెట్ నెలలో ఇంకా లావుగా ఉంటుంది. ప్రతి అంశానికీ ఒక నంబరు, ‘విషయము’ అని రెండు లైన్లు, దాని కింద ఆఫీసు నోటు, చివర కౌన్సిల్ వారి ఆమోదం కోరుతున్నట్టు ఒక ముక్క. తాగునీటి మోటారు రిపేరు బిల్లు, బ్లీచింగ్ పౌడరు కొనుగోలు, సంతలో ఆశీలు వేలం, మున్సిపల్ షాపుల లీజు పొడిగింపు, ఏదో వీధిలో కాలవకు అంచనా. ఊరు ఎలా బతుకుతోందో, రేపు ఎలా బతకబోతోందో అంతా ఆ కాగితాల్లో ఉంటుంది.

సమావేశం రోజు హాలు సందడిగా ఉంటుంది. మధ్యలో చైర్‌పర్సన్, పక్కన కమిషనర్, వెనక వరసలో ఇంజినీరింగ్, టౌన్ ప్లానింగ్, రెవెన్యూ, పారిశుధ్యం వాళ్లు ఫైళ్లు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటారు. ముందు ఎవరి వార్డు గోడు వాళ్లు చెప్పుకుంటారు. మా దగ్గర దాన్ని జీరో అవర్ అంటారు. కుళాయిలో నీళ్లు మురికిగా వస్తున్నాయని, వీధి దీపం వెలగడం లేదని, కుక్కలు పిల్లల మీద పడుతున్నాయని, పందులవాళ్లు ఎంత చెప్పినా వినడం లేదని. లోకల్ ఛానెల్ కుర్రాడు కెమెరా పట్టుకుని తిరుగుతాడు. గంట, గంటన్నర అలా గడుస్తుంది. తర్వాత అసలు అజెండా మొదలవుతుంది. గుమాస్తా నంబరు చదువుతాడు, ఎవరో ‘ఆమోదం’ అంటారు, చేతులు లేస్తాయి, బల్లలు చప్పుడవుతాయి. మళ్లీ నంబరు, మళ్లీ ఆమోదం. ముప్పై అంశాలు పావుగంటలో అయిపోయిన సమావేశాలు చూశాను. చివర్లో టేబుల్ అజెండా అని అప్పటికప్పుడు పంచే కాగితాలు నాలుగు ఉంటాయి. అవీ అంతే. టీ కప్పులు వచ్చేసరికి ఊరికి సంబంధించి ఆ నెల నిర్ణయాలన్నీ జరిగిపోయి ఉంటాయి.

ఈ రెండు భాగాల్లో మొదటిదే కౌన్సిలర్ పని అనుకున్నాను. అదే నా తెలివితక్కువతనం. నిజంగానే అలా అనుకున్నాను, గర్వంగా అనుకున్నాను.

2021 మార్చి ఎన్నికల్లో మా వార్డు జనరల్ మహిళకు వచ్చింది. మన ఆంధ్రప్రదేశ్‌లో పట్టణ స్థానిక సంస్థల సీట్లలో సగం ఆడవాళ్లవి. రాజ్యాంగం మూడో వంతుకు తగ్గకూడదంటే, మన చట్టం సగం ఇచ్చింది. ఆ సగంలో చాలాచోట్ల ఏం జరుగుతుందో అందరూ చూస్తున్నదే. పేరు భార్యది, కుర్చీ భర్తది. వార్డులో తిరిగేది ఆయన, ఫోన్ ఎత్తేది ఆయన, సంతకం దగ్గర మాత్రం ఆవిడ. నేను అలా ఉండకూడదని మొదటి రోజే నిర్ణయించుకున్నాను. ఏళ్ల తరబడి ప్రైవేటు స్కూల్లో సోషల్ చెప్పినదాన్ని, నలుగురిలో మాట్లాడటం కొత్త కాదు. మా ఆయన నా పదవీకాలం మొత్తంలో ఆఫీసు గడప తొక్కలేదు. ‘ఆవిడ సొంతంగా మాట్లాడుతుందయ్యా’ అని ఊళ్లో పేరొచ్చింది. ఆ పేరు నాకెంత ఇష్టమంటే, అది నిలబడటానికి ఏం చెయ్యాలా అనే ఆలోచించేదాన్ని. సమావేశానికి ముందు రాత్రి మర్నాడు ఏం మాట్లాడాలో కాగితం మీద రాసుకునేదాన్ని. పక్కనే బల్ల మీద అజెండా కాపీ ఉండేది, పిన్ను కూడా తియ్యకుండా.

అప్పటికి జనం కూడా మాట్లాడే మనిషి కోసం మొహం వాచి ఉన్నారు. 2014లో గెలిచిన కౌన్సిళ్ల గడువు 2019 నడిమధ్యలో అయిపోయింది. ఆ తర్వాత ఎన్నికలయ్యేదాకా ప్రత్యేకాధికారి పాలన. వార్డు సచివాలయాలు వచ్చాయి, అర్జీ తీసుకోవడానికి మనుషులున్నారు, కానీ వీధిలో నిలబడి ‘ఏంటమ్మా ఇది’ అని నిలదీయడానికి ఎన్నికైన మనిషి లేదు. కరోనా ఆ మధ్యలోనే వచ్చింది. అందుకే నేను మైకు పట్టుకుని గట్టిగా అడిగిన వీడియో ఫోన్లలో తిరిగితే మా వీధుల్లో సంబరపడ్డారు. ఆ సంబరం చూసి, పని జరుగుతోందని నేను నమ్మేశాను.

ఇందులో నన్ను ఇప్పటికీ ఎక్కువ బాధపెట్టేది ఒకటుంది. ఇదంతా తెలియని మనిషిని కాను నేను. 1992లో చేసిన 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిందని, మున్సిపాలిటీలకు ఐదేళ్ల గడువు దానివల్లే ఖాయమైందని, 12వ షెడ్యూలులో పట్టణాలకు అప్పగించదగ్గ 18 అంశాలున్నాయని పిల్లల చేత వల్లె వేయించాను. పట్టణ ప్రణాళిక, రోడ్లు, నీటి సరఫరా, పారిశుధ్యం, మురికివాడల అభివృద్ధి, శ్మశానాలు, వీధి దీపాలు... తడుముకోకుండా చెప్పినవాళ్లకు మార్కులు వేశాను. చీరాల–పేరాల పాఠమైతే నాకు ప్రాణం. 1919లో ఆ రెండు ఊళ్లనూ కలిపి మున్సిపాలిటీ చేస్తే పన్నులు ఎన్నో రెట్లు పెరిగాయి. మొయ్యలేమని జనం మొరపెట్టుకున్నారు, ప్రభుత్వం వినలేదు. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో వేలమంది ఇళ్లు వదిలి ఊరి బయట పాకలు వేసుకుని, దానికి రామనగర్ అని పేరు పెట్టుకుని, పదకొండు నెలల పాటు ఎండకూ వానకూ ఓర్చుకున్నారు. నేత నేసేవాళ్లు, కూలిపని చేసేవాళ్లు, అక్షరాలు రానివాళ్లు ఎందరో. మున్సిపాలిటీ కాగితం మీద రాసే ఒక అంకె తమ పొయ్యి దాకా ఎలా వస్తుందో వాళ్లకు తెలుసు. ఆ పాఠం చెబుతూ గొంతు పూడుకుపోయిన నేను, నా ఇంటికొచ్చిన కాగితంలో ఏ అంకె ఉందో చూడలేదు.

మొదటి దెబ్బ చెత్త పన్నుతో తగిలింది. 2021 అక్టోబరులో క్లీన్ ఆంధ్రప్రదేశ్ (క్లాప్) కార్యక్రమం కింద ఇంటింటికీ చెత్త బండ్లు వచ్చాయి. దాంతో పాటే నెలనెలా యూజర్ ఛార్జీ వచ్చింది. వసూలుకు వచ్చినవాళ్లతో మా వీధి ఆడవాళ్లు గొడవపడ్డారు. నేను వెళ్లి వాళ్ల పక్షాన నిలబడ్డాను, ఇదేం అన్యాయమని అడిగాను. వచ్చిన సచివాలయం అమ్మాయి మెల్లగా ‘కౌన్సిల్‌లో తీర్మానం అయింది కదా మేడం’ అంది. ఇంటికెళ్లి వెతికితే నిజమే. కొద్ది నెలల కిందటి అజెండాలో ఉంది. ఆ రోజు నేను హాజరయ్యాను. ఆ రోజు వీధి దీపాల మీద మాట్లాడాను, బాగా మాట్లాడానని పేరు కూడా వచ్చింది. ఆ అంశం చదివినప్పుడు నా చెయ్యి కూడా లేచింది. వ్యతిరేకిస్తే ఆగేది కాదేమో, మెజారిటీ ఉన్నవాళ్లు నెగ్గించుకునేవాళ్లే. 2024 చివర్లో ప్రభుత్వమే ఆ ఛార్జీ తీసేసింది కూడా. అయినా ‘నువ్వు చెయ్యెత్తావా లేదా’ అని ఎవరైనా అడిగి ఉంటే నా దగ్గర జవాబు ఉండేది కాదు. ఎవరూ అడగలేదు. అడగలేదు కాబట్టి నేనూ మర్చిపోయాను. దెబ్బ తగిలాక కూడా మారకపోవడాన్ని పొరపాటు అనలేను, అంతకంటే పెద్ద మాటే కావాలి.

ఇక రోడ్డు సంగతి.

మా వార్డులో ఒక వీధి ఉంది. బజారు వైపు మెరక, ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల శాఖ) రోడ్డు వైపు పల్లం. దాని పొడవునా ఒక పక్క మట్టి కాలవ. వాన నీళ్లు, వాడుక నీళ్లు అందులో దిగి, చివర ఆర్ అండ్ బీ రోడ్డు కింద ఉన్న పాత తూములోంచి అవతల పొలాల మురుగు కాలవలో కలవాలి. తూము సగం పూడిపోయింది. కాలవ గట్లు కూలి వీధిలో కలిసిపోయాయి. నడవడానికి ఉన్నది పాత కంకర రోడ్డు, గుంతలు. ఎన్నికల్లో ఆ వీధివాళ్లందరూ అడిగింది ఒక్కటే, సిమెంటు రోడ్డు. నేను మాటిచ్చాను.

ఆ వీధికి సిమెంటు డ్రైను వెయ్యడానికి ఇంజినీరింగ్ వాళ్లు అప్పటికే అంచనా తయారు చేశారు. మున్సిపాలిటీ దగ్గర డబ్బు ఎలా ఉంటుందో కొంచెం చెప్పాలి. కేంద్రం నుంచి ఆర్థిక సంఘం నిధులు వస్తాయి. 15వ ఆర్థిక సంఘం మాలాంటి పట్టణాలకు ఇచ్చినదాంట్లో 60 శాతం తాగునీటికీ పారిశుధ్యానికీ కట్టేసి ఉండేది, దాన్ని రోడ్లకు తిప్పడానికి వీలుండేది కాదు. మిగిలిన భాగం మీద పది వార్డుల కళ్లుంటాయి. ఇక సాధారణ నిధి అంటే ఆస్తి పన్ను, కుళాయి ఛార్జీలు, షాపుల అద్దెలు, ఇంటి ప్లాన్ల ఫీజులు. 2021 నుంచి ఆస్తి పన్ను అద్దె విలువ మీద కాకుండా ఆస్తి విలువ మీద లెక్కగడుతున్నారు, పెంపు ఏడాదికి 15 శాతం దాటకూడదన్నారు. చిన్న ఊళ్లో అదెంత వస్తుంది? జీతాలు, కరెంటు బిల్లులు, పారిశుధ్య కార్మికుల చెల్లింపులు పోగా మిగిలేది కొద్ది. ఆ కొద్దిలో ఒక వీధికి రోడ్డూ కాలవా రెండూ ఒకే ఏడాది రావడం కష్టం. ఏదో ఒకటి ఎంచుకోవాలి.

నేను రోడ్డు ఎంచుకున్నాను. లెటర్‌హెడ్ మీద కమిషనర్‌కు లేఖ రాశాను: ప్రజల కోరిక మేరకు డ్రైనుకు పెట్టిన మొత్తాన్ని సీసీ రోడ్డుకు మార్చండి, డ్రైను వచ్చే ఏడాది చూద్దాం అని. ఎందుకలా అంటే, నిజం చెబుతాను, రోడ్డు కనిపిస్తుంది. వేసిన రోజు నుంచి పిల్లలు సైకిళ్లు తొక్కుతారు, ఆటోలు వస్తాయి, శిలాఫలకం మీద పేరు ఉంటుంది. కాలవ కట్టినా కొన్నాళ్లకు దాని మీద బండలు పరిచేస్తారు, దాని ఊసే ఉండదు. ఆ వీధిలో కాలవ పూడిక తీసే మేస్త్రీ ఒకాయన ఉండేవాడు. వయసైనవాడు, ఏళ్లుగా అదే కాలవలో దిగి పనిచేసినవాడు. నా లేఖ సంగతి విని దారిలో ఆపి, ‘అమ్మా, ముందు కాలవ కట్టించండి. రోడ్డు ఎప్పుడైనా పోసుకోవచ్చు. నీళ్లు ఎటు పోతాయో చూడకుండా రోడ్డు పోస్తే ఇళ్లలోకి తన్నుతాయి’ అన్నాడు. నేను ‘అవన్నీ ఇంజినీర్లు చూసుకుంటారులే’ అన్నాను. మర్యాదగానే అన్నాను. కానీ ఆయన మాట ఒక్క నిమిషం కూడా నా లోపలికి వెళ్లలేదు. ఆ వీధి నీళ్ల గురించి ఊరంతటిలో ఎక్కువ తెలిసిన మనిషి నాకు చెబుతుంటే, వినాల్సినవాళ్లు వేరే ఉన్నారన్నట్టు మాట్లాడి పంపేశాను.

అంశం అజెండాలోకి వచ్చింది. ఈసారి మాత్రం ఆ కాగితం తెరిచాను. ఫలానా వార్డు కౌన్సిలరు గారి లేఖ మేరకు, అని మొదలైంది. అది నా గురించే. ఆ లైను చదివి సంతోషపడి, కాగితం మూసేశాను. కింద ఇంకో అర పేజీ ఉంది. హాలులో నంబరు చదవగానే అందరికంటే ముందు ‘ఆమోదం’ అన్నది నేనే. బల్లలు చప్పుడయ్యాయి. పక్క వార్డు కౌన్సిలర్ ‘సాధించావమ్మా’ అన్నాడు.

వేసవిలో రోడ్డు పోశారు. పాత కంకర రోడ్డు తవ్వలేదు, దాని మీదే చదును చేసి, కంకర బెడ్డు వేసి, ఆపైన సిమెంటు కాంక్రీటు పోశారు. కంకర ఒక బెత్తెడు, కాంక్రీటు ఇంకో ఆరంగుళాలు. వీధి మట్టం జానెడు పైకి లేచింది. అప్పటికే ఆ వీధిలో పాత ఇళ్లు కొన్ని రోడ్డుకు సమానంగా ఉన్నాయి. వాటి గడపలు ఇప్పుడు రోడ్డు కిందికి పోయాయి. క్యూరింగ్ కోసం మట్టి గట్లు కట్టి నీళ్లు నింపినప్పుడే ఒకరిద్దరి వాకిళ్లలోకి నీళ్లు జారాయి. అప్పుడైనా అర్థం చేసుకోవాల్సింది. ప్రారంభోత్సవానికి టెంటు ఎక్కడ వెయ్యాలా అని చూస్తున్నాను నేను.

శ్రావణంలో పడ్డ పెద్ద వానకు నీళ్లన్నీ పల్లపు ఇళ్లలో చేరాయి. మట్టి కాలవ ఉన్నచోట ఇప్పుడు రోడ్డు అంచు, పోసిన మట్టి. నీళ్లకు దారి లేదు. ఓ ఇంట్లో కుట్టుమిషను మోటారు తడిసి పాడైంది. ఇంకో ఇంట్లో బియ్యం బస్తా అడుగు నుంచి నానిపోయింది. ఒంటరిగా ఉండే ఒక పెద్దావిడ, నేను మామ్మా అని పిలిచే మనిషి, మంచం మీద కూర్చుని కాళ్లు పైకి పెట్టుకుని ఉంది. మురుగూ వాన నీళ్లూ కలిసిన నీళ్లు అవి. నన్ను చూసి, ‘రోడ్డు బాగానే ఉందే అమ్మాయ్. మా ఇళ్లే గోతిలో పడ్డాయి’ అంది. కోపంగా అనలేదు. ఎవరో చేసిన దానికి నాతో చెప్పుకుంటున్నట్టు అంది.

అప్పుడు నేను చేసిన పని అన్నిటికంటే తక్కువది. అసిస్టెంట్ ఇంజినీరుకు (ఏఈ) ఫోన్ చేసి వీధిలోకి పిలిపించాను. జనమందరి ముందూ అరిచాను. లెవెల్స్ చూడకుండా ఎలా పోశారు, చదువుకున్నది ఇందుకేనా, కాంట్రాక్టరుతో కలిసి తిన్నారా అన్నాను. జనం నా వెనక నిలబడ్డారు. మా అమ్మాయి వయసు కుర్రాడు, తల వంచుకుని నిలబడ్డాడు. అందరూ వెళ్లిపోయాక, నా దగ్గరికొచ్చి నాకు మాత్రమే వినబడేలా ‘నోట్‌లో రాశాం కదండీ మేడం’ అన్నాడు.

ఇంటికెళ్లి అజెండా కట్టలో ఆ నెల కాగితాలు తీశాను. నేను చదవడం ఆపేసిన లైను కింద అర పేజీలో అంతా ఉంది. డ్రైను లేకుండా రోడ్డు వేస్తే పల్లపు వైపు ఇళ్ల కన్నా రోడ్డు మట్టం ఎత్తవుతుందని ఉంది. అలా కాకుండా ఉండాలంటే పాత రోడ్డు తవ్వి తియ్యాలని, ఉన్న మొత్తంలో ఆ తవ్వకానికి సొమ్ము చాలదని ఉంది. చివరి తూము పూడిక తీయించి, డ్రైను ముందు చేపట్టడం మేలని కూడా ఉంది. ఇవన్నీ కౌన్సిల్ దృష్టికి తెస్తూ తగు నిర్ణయం కోరారు. నిర్ణయం నేను తీసుకున్నాను. అందరికంటే ముందు, గట్టిగా.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదని చెప్పడం వల్ల మామ్మ ఇంట్లో నీళ్లు తగ్గవు. తెల్లారాక ఏం చేశానో చెబుతాను. ఏఈ దగ్గరికి ఆఫీసుకు వెళ్లి, ఇంజినీరింగ్ సెక్షన్‌లో అందరూ ఉన్నప్పుడు, నాది తప్పని చెప్పాను. వీధిలో తిట్టినదాన్ని గదిలో క్షమాపణతో సరిపెట్టడం న్యాయం కాదనిపించింది. ఆ ఆదివారం సాయంత్రం వీధిలో రామాలయం అరుగు మీద అందరినీ కూర్చోబెట్టి, అజెండా కాపీ చదివి వినిపించాను. మొదటి లైనులో నా పేరు, కింద వాళ్లు రాసిన హెచ్చరిక, తీర్మానం. కొందరు ‘పోనీలే అమ్మా’ అన్నారు. మిషను పాడైన అమ్మాయి అనలేదు, లేచి వెళ్లిపోయింది. ఆమెను తప్పుపట్టడానికి లేదు. నా గౌరవ వేతనంలోంచి మోటారు కొనిస్తానంటే తీసుకోలేదు. ‘కాలవ కట్టించక్కా, అది చాలు’ అంది. మేస్త్రీ ఇంటికి కూడా వెళ్లాను. ఆయన దగ్గర మాట్లాడటానికి నాకు మాటలు రాలేదు. ఆయనే వీధి మలుపు దాకా వచ్చి, నీళ్లు ఏ ఇంటి దగ్గర ఆగుతాయో, తూము ఎంత లోతులో పూడిందో కర్రతో చూపించాడు. రాసుకున్నాను.

ఆ తర్వాత కాగితాలు చదవడం మొదలుపెట్టాను. మొదట్లో కష్టమైంది. ఆఫీసు తెలుగు ఊరికే అర్థం కాదు, దానిలో ఒక లైను వెనక వేరే ఫైలు ఉంటుంది, ఆ ఫైలు వెనక ఒక జీవో ఉంటుంది. 1965 నాటి మున్సిపాలిటీల చట్టం తెలుగు పుస్తకం కొనుక్కున్నాను. సీనియర్ అసిస్టెంట్ ఒకావిడ ఓపికగా చెప్పేది. ర్యాటిఫికేషన్ అంటే పని ముందే జరిగిపోయింది, మనం వెనక నుంచి ఒప్పుకుంటున్నాం అని. టెండరు ‘లెస్’కు వచ్చిందంటే అంచనా కన్నా తక్కువకు కోట్ చేశారని, మరీ తక్కువైతే పని నాణ్యత మీద కన్నేసి ఉంచాలని. ఎం-బుక్‌లో ఏఈ కొలతలు రాస్తాడు, పైనున్న డిప్యూటీ ఇంజినీరు (డీఈ) సరిచూస్తాడు, వాటి మీదే బిల్లు నడుస్తుంది, కాబట్టి రోడ్డు పోసేటప్పుడు వెళ్లి ఫొటో దిగడం కన్నా మందం ఎంత పోస్తున్నారో చూడటం ముఖ్యమని. ఇవి ఆవిడ చెప్పేదాకా నాకు తెలియవు. సోషల్ టీచర్నే.

చదివి వెళ్తే సమావేశం వేరేలా కనిపించింది. ఓ నెల అజెండాలో తాగునీటి బోరు మోటారు రిపేరు బిల్లు ఉంది. పాత కాపీలు తిరగేస్తే అదే మోటారుకు అంతకుముందూ బిల్లులున్నాయి. జీరో అవర్‌లో ఏమీ మాట్లాడకుండా కూర్చుని, ఆ నంబరు వచ్చినప్పుడు లేచి అడిగాను, దీని మీద ఇప్పటిదాకా ఎంత పెట్టాం, కొత్తది కొంటే ఎంతవుతుంది అని. ఎవరినీ దొంగ అనలేదు, ఆ ఉద్దేశం కూడా లేదు. డీఈ లెక్క తెచ్చి చెప్పాడు. తర్వాతి సమావేశంలో కొత్త మోటారుకు తీర్మానమైంది. ఆ రోజు లోకల్ ఛానెల్‌లో నేను రాలేదు. మా వీధుల్లో ఎవరికీ తెలియలేదు కూడా. ట్యాంకు కింద వీధులకు నీళ్లు మాత్రం సకాలంలో వచ్చాయి.

ఇంకోసారి టేబుల్ అజెండాలో ఒక షాపు లీజు పొడిగింపు వచ్చింది. చదవడానికి టైము ఇవ్వమని అడిగాను. ‘ఇదేం కొత్త అమ్మా, ఎప్పుడూ జరిగేదే’ అన్నాడు పెద్దాయన ఒకాయన. నాకన్నా ముందు కౌన్సిలర్‌గా చేసిన మనిషి, బాబాయ్ అంటాను. ఆయన మాటలో విసుగు ఉంది, చెడు లేదు. అసమ్మతి రాయించాను. తీర్మానం పాసైంది, నా అసమ్మతి మినిట్స్ పుస్తకంలో ఉంది. అలాంటివి మరికొన్ని రాయించాను. చాలావాటిలో ఓడిపోయాను. అయితే చెయ్యి ఎందుకు ఎత్తానో, ఎందుకు ఎత్తలేదో ఆ తర్వాత ఎవరడిగినా చెప్పగలిగాను.

ఇక్కడ ఒక మాట: తోటి కౌన్సిలర్లను తక్కువ చేసి చెప్పకూడదు. వాళ్లలో చాలామందికి కిరాణా కొట్టో, ఆటోనో, వ్యవసాయమో ఉంది. కౌన్సిలర్ గౌరవ వేతనంతో ఇల్లు గడవదు. పొద్దున లేస్తే చావులు, పెళ్లిళ్లు, పింఛను ఆగిపోయినవాళ్లు, ఆసుపత్రి సిఫారసులు. ఇరవై కాగితాలు చదివే తీరిక ఎవరిస్తారు? కొందరికి ఆ భాష చదవడమే కష్టం. అజెండాలో ఏముందో సమావేశానికి ముందు రోజు ఆఫీసువాళ్లు కూర్చోబెట్టి మామూలు మాటల్లో చెప్పే ఏర్పాటుంటే ఎంత బాగుండేది. ఆ మాట రాసి ఇచ్చాను, రెండు మూడు సార్లు జరిగింది కూడా, తర్వాత ఆగిపోయింది. నాకు ఆ సాకులేవీ లేవు. చదవడం వచ్చు. టైము ఉంది. మాట్లాడేది రాసుకోవడానికి అదే రాత్రి గంటలు గంటలు పెట్టాను.

కాలవ సంగతి చెప్పాలి. మళ్లీ అంచనా వేయించి, సాధారణ నిధి నుంచి తీర్మానం చేయించడానికి ఏడాది దాటింది. మొదటి టెండరుకు ఎవరూ రాలేదు. పాత బిల్లులు రావాల్సినవాళ్లు కొత్త పనికి చెయ్యి పెట్టరు. రెండోసారి పిలిస్తే ఒకరు వచ్చారు. కొత్త రోడ్డు అంచు కోసి, పల్లపు వైపు ఇళ్ల మట్టానికి తగ్గట్టు లోతుగా డ్రైను కట్టారు. లెవెల్స్ తీసేటప్పుడు ఏఈతో పాటు నిలబడ్డాను, మేస్త్రీ కూడా వచ్చాడు. ఇద్దరి లెక్కా కలిసింది. అది కట్టడానికి పోసిన రోడ్డు కొంత పగలగొట్టాల్సి వచ్చింది, ఆ డబ్బు ఊరిదే.

చివర దగ్గర ఆగింది. ఆర్ అండ్ బీ రోడ్డు కింది పాత తూము ఈ డ్రైను కన్నా పైన ఉంది. దాన్ని తీసి లోతుగా కొత్త కల్వర్టు పెట్టాలి. ఆ రోడ్డు మున్సిపాలిటీది కాదు, కాబట్టి ఆ శాఖ అనుమతి కావాలి, తవ్వకానికి డిపాజిట్ కట్టాలి. కౌన్సిల్ తీర్మానం అయింది, లేఖలు వెళ్లాయి, అంచనాలో లెవెల్స్ సరిచేసి పంపమని ఒకసారి తిరిగొచ్చింది, సరిచేసి పంపాం. ఇప్పటికి వాన పడితే నీళ్లు డ్రైనులో నిలబడతాయి, ఇళ్లలోకి ఎక్కడం తగ్గింది, పూర్తిగా పోలేదు. మున్సిపాలిటీవాళ్లు మోటారు పెట్టి తోడుతున్నారు. కిందటి సోమవారం మిషను అమ్మాయి, నేను, ఇంకో ఇద్దరం కలిసి కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చి వచ్చాం. తీర్మానం నకలు, లెవెల్స్ కాగితం, తూము ఫొటోలు జత చేశాం. అర్జీ రాసింది ఆ అమ్మాయే. ఇవ్వబోయే ముందు నా చేత రెండుసార్లు చదివించింది.